సాలూరు లారీలకు శుభఘడియ

సాలూరు పట్టణ ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, మన జ్ఞానమారుతి డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ సైన్సు, ఎకనామిక్సు, ఫిజిక్సు అను మూడు శాస్త్రములు ఒకే డిగ్రీగా, ఒకే గదిలో, ఒకే మాస్టారి చేత బోధింపబడుచున్నవి. కళాశాల టైర్ల షాపు మేడమీద ఉంది. కాలిన రబ్బరు వాసన పీలుస్తూ మూడేళ్ళు కూర్చున్న పిల్లలకు పదార్థాల ధర్మాలు విడిగా చెప్పక్కర్లేదని ప్రిన్సిపాలుగారి అభిప్రాయం.

ఆ ఒక్క మాస్టారు ఉమాశంకర్ గారు. కళ్ళజోడు పెట్టుకుంటే ఎకనామిక్సు, తీసేస్తే ఫిజిక్సు, మెళ్ళో ఐడీ కార్డు వేసుకుంటే కంప్యూటర్ సైన్సు. ఓసారి పొరపాటున కళ్ళజోడూ కార్డూ రెండూ పెట్టుకొచ్చేస్తే, ఏ పుస్తకం తియ్యాలో తెలీక పిల్లలు నానా గాభరా పడ్డారు. కంప్యూటర్లకు దసరా నాడు ఆయుధపూజ చేసి పసుపు రాసి బొట్లు పెట్టారు. ముట్టుకుంటే పసుపు చెరిగిపోతుందని తర్వాత ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఫిజిక్సు ల్యాబుకి తాళం. వెలుతురును ఏడు రంగులుగా విడగొట్టవలసిన గాజు పట్టకం ప్రిన్సిపాలుగారి బల్లమీద కాగితాలు ఎగిరిపోకుండా కాపలా కాస్తోంది.

ఇంతటి ఘనమైన సంస్థలో కూడా ఒక పిల్ల నిజంగా చదివేసింది. ఎంత జాగ్రత్తగా ఉన్నా పొరపాట్లు జరుగుతూనే ఉంటాయి కదా! ఆ పిల్ల పేరు దుర్గాభవాని. తండ్రి జోగయ్యకి ఒక లారీ ఉంది. చిన్నప్పుడు ఆ లారీలో కూర్చుని ఒడిశా ఘాట్‌రోడ్డు ఎక్కుతూ, మలుపు దగ్గర మనుషులం పక్కకి ఎందుకు ఒరిగిపోతామని తండ్రిని అడిగింది. "దేముడు ఒంచుతాడే, ఒంగు" అన్నాడు జోగయ్య. ఆ జవాబుతో కడుపు నిండక పుస్తకాలు పట్టుకుంది. ఇప్పుడు దానికి లోకంలో ఒకే ఒక్క కోరిక: విశాఖపట్నం వెళ్ళి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్సు చదవాలి.

"నేనెల్తాను నాన్నా" అని ఇంటరు పాసైన దగ్గర్నుంచీ పోరుతూనే ఉంది. అన్నం తింటుంటే చెప్పింది, లారీ కడుగుతుంటే చెప్పింది, జోగయ్య గడ్డం గీసుకుంటుంటే కూడా చెప్పింది.

"ఎల్లి ఏటి సేస్తావే? ఫిజిక్సు సదివినోల్లు లోడెత్తుతారా, టైరు మారుస్తారా?" అనేవాడు జోగయ్య. చివరికి ఆఖరి సంవత్సరం ఇంటర్న్‌షిప్పు వచ్చేసరికి ఒక బేరం పెట్టాడు. "సరే, నీ సదువేటో సూస్తాను. మన సంఘంలో లారీల గొడవ తీర్చీ. తీరిందా, విశాపట్నం ఎల్లిపో. తీర్నేదా, నోరు మూసుకుని ఇంటికాడుండు."

కొండదారి లారీ యజమానుల సంక్షేమ సంఘం యార్డులో రోజూ పొద్దున్నే ఒకటే గొడవ: కొండకి ఎవరి లారీ ముందెక్కాలి? చొక్కాలు పట్టుకునేవారు, హారన్లు కొట్టుకునేవారు, తాతల కాలం నాటి సంగతులు తవ్వుకునేవారు. దుర్గాభవాని చక్కగా ఒక యాప్ తయారుచేసింది. లోడు ముందెత్తిన లారీ ముందు కదులుతుంది, అంతే. తొలిరోజే లారీలు వరసగా, మర్యాదగా, ఒక్క తిట్టయినా వినపడకుండా కొండెక్కిపోయాయి. యార్డులో అంత నిశ్శబ్దం ఎన్నడూ ఎరగని అధ్యక్షులు తిరుమలరావుగారికి గుండెల్లో రాయి పడింది.

"అంతా బాగున్నాది గానమ్మా, ఇందులో రాహుకాలం ఏదీ?" అని అడిగారు.

రాహుకాలం పెట్టింది. రాహుకాలం ఉన్నచోట యమగండం లేకపోతే యముడికి చిన్నతనం కనుక అదీ పెట్టింది. వర్జ్యం, దుర్ముహూర్తం వాటంతట అవే వెనకాల వచ్చాయి. ఒక యజమానికి మంగళవారం పడదు. ఇంకొకాయనకి నెంబరు కూడితే ఎనిమిదొచ్చే లారీ ముందుంటే పడదు. సుందరరావుగారు చర్చిలో పెద్దమనిషి. ఇలాంటి మూఢనమ్మకాలు తమకు బొత్తిగా లేవని అందరికీ వినపడేలా ప్రకటించి, ఆదివారంతో పాటు పదమూడో తారీఖు మాత్రం తీసెయ్యమన్నారు. ఆ తర్వాత యాపులో 'పిల్లి' అని ఒక బటనూ 'తుమ్ము' అని ఒక బటనూ పెట్టించారు. యార్డులో ఎవరు తుమ్మినా నొక్కాలి, నొక్కగానే లారీలన్నీ ఆగాలి. అసలే మంచు కాలం. యార్డు ముందు టీ కాచే బుల్లమ్మకి జలుబు చేసింది. ఆంధ్రా ఒడిశాల మధ్య వర్తక వ్యాపారాలు ఆమె ముక్కుమీద ఆధారపడ్డాయి.

దుర్గాభవాని అడిగినవన్నీ పెట్టింది. మాస్టారు పాఠంలో చెప్పారు కదా, వినియోగదారుడే రాజని! ఒక సోమవారం పొద్దున్న యాప్ అన్ని షరతులూ బుద్ధిగా లెక్క కట్టి, సాలూరు నుంచి ఏ లారీ అయినా నిక్షేపంగా కదలడానికి తగిన మంచి ఘడియ ఈ సంవత్సరంలో లేదని, వచ్చే సంవత్సరంలోనూ లేదని తేల్చి చెప్పింది.

లారీలు ఆగిపోయాయి. డ్రైవర్లు కేబిన్లలో చాపలు పరిచారు. యజమానులు మాత్రం పరమానందభరితులయ్యారు. ఇంత కచ్చితంగా ఇంతవరకు ఏ పంచాంగమూ చెప్పలేదట! కళాశాలవారు వెంటనే అభినందన సభ పెట్టారు. ఉమాశంకర్ గారు కళ్ళజోడు ఒకసారి తీసి, ఒకసారి పెట్టి, మెళ్ళో కార్డు సవరించుకుని ఉపన్యసించారు. "కదలని వస్తువు కదలకుండానే ఉంటుందని ఫిజిక్సు చెబుతోంది. మన లారీలు నిరూపించాయి! డీజిలు ఖర్చు సున్నా, ఎకనామిక్సు నిరూపించబడింది! ప్రోగ్రాములో తప్పు సున్నా, కంప్యూటర్ సైన్సు నిరూపించబడింది! మూడు శాస్త్రములూ ఇలా ఒక్క యార్డులో సంగమించడం ప్రపంచ చరిత్రలో ఇదే ప్రథమం!" రోడ్డు ప్రమాదాలు కూడా సున్నా అయినందుకు ఒక అధికారిగారు ప్రశంసాపత్రం పంపించారు.

ఇదంతా బాగానే ఉంది కానీ, జోగయ్య లారీలో సీతంపేట అనాసపళ్ళున్నాయి. అనాసపళ్ళకి వర్జ్యం తెలీదు. అవి మెత్తబడ్డాయి, కారాయి, ఆ తర్వాత సారాబట్టీలా గుప్పుమన్నాయి. సాలూరులో ఉన్న ఈగలన్నీ లారీమీదే కాపురం పెట్టాయి.

"నీ యాపు పాడుగాను! లారీల గొడవ తీర్చమంతే లారీల్నే తీర్చీసినావేటే?" అని జోగయ్య లబలబలాడాడు. "మాటంతే మాటే. ఇంక ఇంటికాడుండు."

ఆ మధ్యాహ్నం దుర్గాభవాని బాగా ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, యాపులో ఉన్నదంతా ఊడ్చి పారేసింది. రాహువు లేడు, యముడు లేడు, పిల్లీ తుమ్మూ ఏవీ లేవు. వాటి స్థానంలో ఒకే ఒక్క వాక్యం రాసింది. ఎవరు ఏమడిగినా యాప్ చెప్పేది అదొక్కటే: శుభం, బయల్దేరండి.

మొదట ఎవరూ నమ్మలేదు. అడగ్గానే చెప్పేస్తోంది, ఇదేం విలువ అన్నారు. అప్పుడు జవాబుకి ముందు కాసేపు తిరిగే ఒక బంగారు చక్రం పెట్టింది. తిరిగినంతసేపూ లోపల ఏమీ జరగదు. చివర్లో గుడిగంట శబ్దం పెట్టింది. అంతే! పెద్ద పెద్ద మీసాల డ్రైవర్లు చెప్పులు విప్పి చేతులు జోడించారు. లారీలు బుర్రుమంటూ కొండెక్కాయి. జోగయ్య కొత్త అనాసపళ్ళు వేసుకుని వెళ్ళి, మెత్తబడకముందే అమ్ముకొచ్చాడు.

యాప్ ఖ్యాతి బొబ్బిలి దాటింది, పార్వతీపురం దాటింది. పెళ్ళిచూపులకి వెళ్ళేవాళ్ళు అడిగారు, బోరు వేయించేవాళ్ళు అడిగారు, ఆపరేషనుకి ముందు డాక్టర్లు కూడా అడిగారని వినికిడి. అన్నిటికీ శుభమే. పని అయినవాళ్ళు యాపుకి దండాలు పెట్టారు. బోరులో నీళ్ళు పడనివాళ్ళు, బయల్దేరమంది గానీ నీళ్ళు పడతాయని ఎక్కడంది అని తమ తెలివితక్కువకి తామే సిగ్గుపడ్డారు. దుర్గాభవాని తల్లి దేముడమ్మ అయితే పొయ్యిమీద పప్పు పెట్టడానికి కూడా దాన్నే అడిగేది.

ఇంతలో విశాఖపట్నంలో ఎమ్మెస్సీ ఫిజిక్సు సీటు వచ్చింది. గొడవ తీరింది, సీటు వచ్చింది, ఇక జోగయ్య కాదనడానికేముంది? ఉందండీ. యార్డులో మహాసభ జరిగింది. దుర్గాభవానికి పొందూరు ఖద్దరు శాలువా కప్పి, అధ్యక్షులు తిరుమలరావుగారు మైకు అందుకున్నారు.

"ఇంతటి విద్యావతిని చదువుకోడానికి పంపించి మన విద్యను మనమే పాడుచేసుకుందామా? యాపుకి ఏదైనా అయితే దిక్కెవరు? కనుక కుమారి దుర్గాభవాని శాశ్వతంగా సాలూరులోనే ఉండాలని ఈ సంఘం ఏకగ్రీవంగా, ఆమె గౌరవార్థం, తీర్మానించడమైనది!"

చప్పట్లు మిన్నంటాయి. జోగయ్య కూడా కొట్టాడు. కూతురి కేసి మాత్రం చూడలేకపోయాడు.

దుర్గాభవాని ఒళ్ళు మండిపోయింది. శాలువా తీసి కుర్చీమీద పడేసి మైకు లాక్కుంది. "ఇందులో ఏటీ లేదండీ! ఒక్కటే మాట రాసేను. ఏటడిగినా అదే సెప్తాది. మీరందరూ ఉత్తి చక్రానికి దండాలు పెడతన్నారు!"

 చప్పట్లు ఇంకా పెద్దగా మోగాయి. "చూశారా వినయం! గొప్పవాళ్ళు తాము చేసింది ఏమీ లేదనే అంటారు" అని ఉమాశంకర్ గారు కళ్ళు ఒత్తుకున్నారు. కళ్ళజోడు తీసి ఒత్తుకున్నారు కనుక అది ఫిజిక్సు కన్నీరు.

ఆడవాళ్ళ వరసలోంచి దేముడమ్మ లేచింది. "ఎల్లాలో ఉండాలో మీరూ మీరూ తేల్చీడమేటండీ? ఆ యాపునే అడగండి."

సభ్యులందరికీ ఈ మాట నచ్చింది. ఇంత మంచి తీర్మానాన్ని యాప్ కాదంటుందని ఎవరికీ అనుమానం లేదు. తిరుమలరావుగారు ఫోను తీసి, పైకి చదువుతూ టైపు చేశారు: "దుర్గాభవాని ఫిజిక్సు చదవడానికి విశాఖపట్నం వెళ్ళవచ్చునా?"

చక్రం తిరిగింది. యార్డంతా చేతులు జోడించింది. ఆ చక్రం వెనక ఏమీ లేదని లోకంలో అందరికంటే బాగా తెలిసినది దుర్గాభవానికే.  అయినా తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని, ఏ దేవుడో తెలీకుండానే మొక్కేసుకుంది.

గంట మోగింది. తిరుమలరావుగారు చదివారు. మళ్ళీ చదివారు. తీర్మానం రద్దయినట్టు నీరసంగా ప్రకటించి కూర్చున్నారు.

జోగయ్య జనాన్ని తోసుకుంటూ వచ్చి కూతుర్ని వాటేసుకుని బావురుమన్నాడు. "ఎల్లు తల్లీ, ఎల్లు! అదే సెప్పినాక అడ్డడానికి నానెవుడ్ని? ఈ ముక్క ముందే సెప్పుంటే నాను వద్దంతానా?"

కనుక పాఠకమహాశయులకు సవినయ మనవి. మీ ఇంట్లో కూడా అన్నాల దగ్గరా, గడ్డాల దగ్గరా ఇదే ముక్క చెబుతూ తిరుగుతున్న పిల్ల ఉండే ఉంటుంది. ఒకసారి వంటింట్లోకి తొంగి చూడండి. ఈపాటికి విసుగెత్తి, గంట ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కుంటూ ఉంటుంది.