వరదయ్య సైకిలుకు లారీ బ్యాటరీ

ఆ ఆదివారం పొద్దున విజయకుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా బ్యాటరీ ఏదో తేల్చుకోవాలి. పన్నెండింటికల్లా నాయనను సైకిలెక్కించి, వీధి చివరిదాకా పంపి వెనక్కి రప్పించాలి. ఒంటిగంటకు అన్నం తినాలి.

మాధవరంలోని ఆ వీధిలో డిగ్రీ చదివిన మొదటివాడు అతనే. చదివింది చరిత్ర అయినా, వీధి ఆ తేడాను ఏనాడూ పట్టించుకోలేదు. రేడియో పలకకపోయినా, మిక్సీ తిరగకపోయినా తెచ్చి అతని ముందే పెట్టేవారు. ఇంత చదివి తెలియదనడం బాగుండదని అతనూ స్క్రూడ్రైవరు పట్టుకునేవాడు.

ఈసారి సంగతి మిక్సీ కాదు. తండ్రి వరదయ్య ఇరవై రెండేళ్ళుగా డిపో నుంచి పాల ప్యాకెట్లు తెచ్చి సైకిలు మీద ఇల్లిల్లూ వేస్తున్నాడు. నాలుగు నెలలుగా కుడి మోకాలు పెడల్ తొక్కనివ్వడం లేదు. పాలు ఆలస్యమవుతున్నాయని డిపో సూపర్‌వైజర్ వెంకటాచలం శనివారం తేల్చి చెప్పేశాడు. సోమవారం ఆరున్నరలోపు నూట పది ఇళ్ళూ ముగియకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తాడు. అందుకే విజయకుమార్ పాత సామాన్ల బజారులో పన్నెండు వోల్టుల మోటారు ఒకటి కొని, సైకిలు వెనక చక్రానికి చైనుతో కలిపాడు. మిగిలింది బ్యాటరీ.

కొనేముందు అడిగి తెచ్చి చూడాలన్నది అతని పద్ధతి. మొదట పక్కింటివాళ్ళ స్కూటర్ బ్యాటరీ తెచ్చాడు. తేలికగా, ముద్దుగా ఉంది. మూడో ఇంటి దగ్గర ప్రాణం విడిచింది.

వరదయ్య సైకిలు తోసుకుంటూ వెనక్కి వచ్చాడు. "మూడిండ్లకి పాలేసి వస్తే, మిగతా నూటేడిండ్లోళ్ళు నల్లకాపీ తాగల్నా?"

"పెద్దది పెడతాం నాయినా. కాళిముత్తు లారీ ఈ పొద్దు ఊరికే నిలిచి ఉండాది."

ఎదురింటి లారీ డ్రైవరు కాళిముత్తు రాత్రంతా బండి నడిపి వచ్చి అరుగు మీద పడి నిద్రపోతున్నాడు. విజయకుమార్ మర్యాద తప్పే మనిషి కాదు. భుజం తట్టి మరీ అడిగాడు. కాళిముత్తు కళ్ళు తెరవకుండానే తమిళంలో "ఎడుత్తుక్కో తంబీ" అన్నాడు. తీసుకోమన్నాడు కదా అని బ్యాటరీ విప్పి, పొట్టకు హత్తుకుని మోసుకొచ్చాడు.

దాన్ని క్యారియర్ మీద కట్టగానే సైకిలు ముందు చక్రం గాల్లోకి లేచింది.

తల్లి మునెమ్మ గడపలో నిలబడి చూసింది. "ఏందిరా ఇది, గుర్రం మాదిరి లేస్తాది? మీ నాయిన పాలెయ్యల్నా, సర్కస్ చెయ్యల్నా?"

"ముందర బరువు పెడితే సరిపోతాది మా."

ముందర బరువుకు దొరికినవి రెండు ప్లాస్టిక్ బిందెలు. చేతిపంపు ఉప్పునీళ్ళు నింపి హ్యాండిల్‌కు అటొకటి ఇటొకటి తగిలించాడు. సైకిలు బుద్ధిగా నేలమీద నిలబడింది. ఒక్కటే కొరత, స్విచ్చు ఇంకా కొనలేదు. బ్యాటరీ తేలాక దానికి తగ్గది సాయంత్రం కొందామనుకున్నాడు. అందాకా సీటు వెనక రెండు వైర్లను చేత్తో కలపాలి, పక్కన పరుగెత్తి చేత్తో విడదీయాలి.

వరదయ్య సీటెక్కాడు. కలపడం కుదిరింది. విడదీయడం కుదరలేదు. లారీని లేపే బ్యాటరీకి బక్కపలచని వరదయ్య ఒక లెక్కా? సైకిలు విజయకుమార్ చేతికి అందకుండా మలుపు తిరిగింది.

"రేయ్ విజీ! నిలపరా!"

"బ్రేకు పట్టు నాయినా!"

"పట్టే ఉండాను! అది ఇనలే!"

ఆ ఎండాకాలం మాధవరంలో కుళాయిలు బుసకొట్టడం తప్ప నీళ్ళివ్వడం మానేసి పద్దెనిమిది రోజులైంది. అలాంటప్పుడు రెండు నిండు బిందెలు ఒలుకుతూ వీధిలో పోతుంటే ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? పైగా వరదయ్య విడవకుండా గంట కొడుతున్నాడు. ఆయన కొట్టింది జనాన్ని తప్పుకోమని. జనం మాత్రం బయటికి వచ్చారు.

"అక్కా, యాడనో నీళ్ళు ఇస్తా ఉండారు! సీక్కిరం రా!" అంటూ మొదట బిందె పట్టుకున్నది బట్టలు కుట్టే జయంతి. రెండో వీధికి పదిమంది అయ్యారు. నాలుగో వీధి దాటేసరికి నలభైమంది ఖాళీ బిందెలతో వరదయ్య వెంటపడ్డారు. వాళ్ళ వెనక విజయకుమార్ "నీళ్ళు కాదక్కా, బ్యాటరీ!" అని అరుస్తూ పరుగెత్తాడు. ఆ మాట ఎవరికీ తలకెక్కలేదు.

అతని వెనక కాళిముత్తు. నిద్రలేచి లారీ తాళం తిప్పితే బండి దగ్గను కూడా దగ్గలేదు. నిద్రలో తానన్న మాట తనకు గుర్తు లేదు. పెద్ద స్పానర్ ఒకటి పట్టుకుని "తిరుడన్! బ్యాటరీ దొంగ!" అంటూ అరుపులు వినబడ్డ వైపు బయలుదేరాడు.

ఇరవై రెండేళ్ళ అలవాటు కొద్దీ వరదయ్య చేతులు వాటంతటవే పాల డిపో వైపు తిరిగాయి. సైకిలు గేటులోకి దూసుకుపోయి, ప్రహరీ కట్టడానికి పోసిన ఇసుక కుప్పలో సగం దిగి, వైరు ఊడి ఆగింది.

చప్పుడుకు వెంకటాచలం గదిలోంచి బయటికి వచ్చాడు. ఎదురుగా తాను తీసేయబోతున్న వరదయ్య. ఆయన వెనక నలభైమంది ఆడవాళ్ళు, ఒక్కొక్కరి చంకలో ఒక ఖాళీ బిందె. పట్నంలో ఉద్యోగం చేసేవాడెవడికైనా ఖాళీ బిందెలంటే ఏమిటో తెలుసు. మొదట బిందెలు వస్తాయి, తర్వాత రోడ్డుకు అడ్డంగా కూర్చోవడం, తర్వాత పోలీసులు, మర్నాడు పేపర్లో ఫోటో.

"ఏమమ్మా... ఏం కావల్ల మీకు?"

"తెలీనట్టు అడగతారే!" జయంతి బిందెను ఠప్పున నేలమీద పెట్టింది. "ఈ పెద్దాయన సంగతి మా కండ్లారా చూసే వచ్చినాం. ఇచ్చేదాకా ఈడ్నించి కదిలేది లే!"

"ఇస్తానమ్మా. ఆయన్ని తీసేది లేదు, సరేనా?"

"అరకొరగా ఇస్తే ఒప్పుకోం! నిండుగా ఇయ్యల్ల!"

అంతలో కాళిముత్తు స్పానర్ ఎత్తిపట్టుకుని గేటులోకి వచ్చాడు. వెంకటాచలం ముఖం పాలిపోయింది. "ఐయో, లారీవాళ్ళు కూడా చేరినారా?" పాల లారీలు కూడా ఆగితే తన ఉద్యోగానికే ముప్పు. గబగబా కాగితం తీసి రాశాడు. వరదయ్యకు ఇకమీదట డిపో పక్కనున్న మూడు వీధులే. నలభై ఇళ్ళు. జీతంలో కోత లేదు. నడిచే వేసుకోవచ్చు.

అబద్ధం మీద వచ్చినది నిలవనివ్వడం విజయకుమార్‌కు మనసొప్పలేదు. "సార్, అసలు జరిగింది ఏమంటే..." అని ముందుకు వచ్చాడు.

వరదయ్య అతని పాదం మీద కాలు వేసి గట్టిగా తొక్కాడు. నాలుగు నెలలుగా పెడల్ తొక్కలేని కాలు అదే.

జయంతి మాత్రం ఇంకా కదలలేదు. "ఇంకేమమ్మా?" అన్నాడు వెంకటాచలం నీరసంగా. "బిందెలు ఊరికే మోసుకొచ్చినామా?" అంది ఆమె. డిపోలో పాల డబ్బాలు కడిగే గొట్టం విప్పి నలభై బిందెలూ నింపించాడు. కాళిముత్తు తన బ్యాటరీని గుర్తుపట్టి, విజయకుమార్‌ను ఒక తిట్టు తిట్టి, తనే ఎత్తుకుపోయాడు.

సోమవారం వరదయ్య నడిచే పాలు వేసి, ఐదున్నరకల్లా ఇంటికి వచ్చి కాపీ తాగాడు. జరిగిందంతా వారంలో వీధికి పాకింది. మరుసటి ఆదివారం జయంతి, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు వాకిట్లోకి వచ్చారు.

"తమ్ముడూ, నీళ్ళ ఆఫీసు ఈడికి తొమ్మిది కిలోమీటర్లు. మీ నాయిన్ని ఆడిదాకా పంపల్లంటే ఏ బ్యాటరీ పెడితే మంచిది?"

ఎంతైనా చదువుకున్నవాడు గనుక, ఒట్టి పోవడానికేనా, రానూపోనూనా అని విజయకుమార్ అడిగాడు.