కునుకులో పోయిన దర్జీ

తెల్లారేసరికి కళ్ళద్దాలాయన మెడ పట్టేసి సోఫాలో ఉన్నాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, గోడమీది అక్షరాలు చదివించి, ఎవరికి ఏ అద్దం సరిపోతుందో చూడటం ఆయన పని. ఊరందరి కళ్ళూ చూసేవాడికి రాత్రి తన కళ్ళే మూతపడ్డాయి. మామూలు రోజయితే బాధ లేదు. ఏళ్ళ తరబడి ఇంటిల్లిపాదీ చూస్తున్న గూఢచారి సీరియల్‌కు అది ఆఖరి భాగం. పరాయి దేశంలో దర్జీ వేషంలో బతుకుతున్న గూఢచారి చివరికి ఇంటికి చేరాడో లేదో తేలే రాత్రి అది.

భార్య నర్సు. ఆమెకు రాత్రి డ్యూటీ పడింది. చూసి పొద్దున్నే తనకు చెప్పాలని, ఇంకెవరి నోటా విననని మరీ మరీ చెప్పి వెళ్ళింది. ఆమె వచ్చేలోగా అత్తగారి దగ్గర సంగతి రాబట్టాలని ఆయన పథకం. రాత్రి ఆవిడ పక్క కుర్చీలోనే కూర్చుంది మరి. కానీ నిద్రపోయానని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. అల్లుడు ఎక్కడ కూలబడితే అక్కడే గుర్రు పెడుతున్నాడని ఆవిడ ఇప్పటికే కూతురితో అంటోంది. అందుకని డొంకతిరుగుడుగా మొదలుపెట్టాడు.

"వాడలా చేస్తాడనుకోలేదండీ అత్తయ్యగారూ."

"నేనూ అనుకోలేదు బాబూ" అని నిట్టూర్చి ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ నిట్టూర్పును బట్టి దర్జీకి మూడిందని ఆయనకు అర్థమైంది. అంతలో భార్య వచ్చి, చెప్పులైనా విప్పకుండా ఏమైందని అడిగింది. పోయాడన్నాడు. ఎలా అంది. అబద్ధానికి కాళ్ళుండవు కాబట్టి ఆయనే నాలుగు అతికించాడు. ఇంటికైతే వచ్చాడట, తలుపు తీసిన పెళ్ళామే కాల్చేసిందట, ఆమె కూడా శత్రువుల మనిషేనట.

భార్య గుమ్మంలోనే చతికిలబడింది. "ఆ పిల్ల చెయ్యి వణకనైనా లేదే" అంది అత్తగారు వంటింట్లోంచి.

ఆయన తెల్లబోయాడు. చీకట్లో విసిరిన రాయి సూటిగా తగిలిందన్నమాట. ఆ ధైర్యంతోనే దుకాణంలోనూ అదే చెప్పాడు. యజమాని తల పంకించి, తుపాకీ కుట్టుమిషను సొరుగులో దాచిన సంగతి మరిచావేమని దిద్దాడు. పరీక్షకొచ్చిన ఇద్దరు ఆ పెళ్ళాం చేసింది తప్పా ఒప్పా అని వాదించుకుని, అక్షరాలు చదవకుండానే వెళ్ళిపోయారు.

మధ్యాహ్నానికి భార్య ఫోను చేసింది. దుఃఖం పట్టలేక, వార్డులో పగటి డ్యూటీ చేస్తున్న స్నేహితురాలికి ఫోనులో చెప్పుకుందట. ఆమె ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న ఒక తాతకు చెప్పిందట. ఆయన రైల్లో గార్డుగా చేసి రిటైరైనవాడు, ఆ సీరియల్ అంటే ప్రాణం, రాత్రి వార్డులో టీవీ కట్టేయడంతో చూడలేకపోయాడు. అది విన్న దగ్గర్నుంచి ఆపరేషన్ వద్దని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నచ్చచెప్పడానికి ఈమెను నిద్రలోంచి లేపి మళ్ళీ పిలిపించారు.

"నా వల్ల కావట్లేదు. ఎందుకు కాల్చిందో మీరే వచ్చి చెప్పండి" అంది. ఆ గొంతులో కోపం కూడా లేదు, ఓపిక లేక.

వార్డులో నర్సులు, పేషెంట్లు మంచం చుట్టూ మూగారు. తాత కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అన్నేళ్ళు ఇంటికోసం కాచుకున్నవాడికే అదీ గతి అయితే, నేను బాగై ఎవరింటికెళ్ళాలయ్యా" అన్నాడు.

కళ్ళద్దాలాయన మింగలేక కక్కలేక, ఆమె ప్రేమతోనే కాల్చిందనీ, శత్రువుల చేతికి చిక్కితే ఇంకా ఘోరమనీ అల్లుకుపోతున్నాడు. ఆ సమయంలో గోడమీది టీవీలో ఒకమ్మాయి కనిపించి క్షమాపణ చెప్పింది. సాంకేతిక లోపం వల్ల నిన్న పాత భాగమే మళ్ళీ ప్రసారమైందని, ఆఖరి భాగం ఈ సాయంత్రం వస్తుందని.

భార్య ఆయన్ని చూసింది. నిద్రపోయానని ఆయన నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఇంటికి ఫోను చేస్తే, సీరియల్ మొదట్లో వచ్చే పాట అవకముందే తనకూ కునుకు పట్టిందని, అల్లుడు చూస్తున్నాడు కదా అనుకున్నానని అత్తగారు నసిగింది. దుకాణం యజమాని అసలు ఫోనే ఎత్తలేదు.

తాత మాత్రం లేచి కూర్చున్నాడు. "ఆపరేషన్ రేపు పెట్టుకోమనండి. ఈ సాయంత్రం నాకు పనుంది" అన్నాడు.

సాయంత్రం ఇంట్లో ముగ్గురూ ముఖాలు కడుక్కుని వరసగా కూర్చున్నారు. దర్జీ ఇంటికి చేరాడు. పెళ్ళాం తలుపు తీసి, "ఇంత ఆలస్యమైందేం?" అంది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. తలుపు మూసుకుంది, అయిపోయింది. తాత సంతోషం పట్టలేక వార్డంతా టీ తెప్పించాడని స్నేహితురాలు ఫోనులో చెప్పింది.

కాల్చేస్తేనే బాగుండేదని ఇక్కడ ముగ్గురికీ అనిపించింది గాని, ఎవరూ పైకి అనలేదు.