ఫారంలో లేని ప్రశ్న

మనిషి నిప్పు కనిపెట్టాడు, చక్రం కనిపెట్టాడు. కానీ వాటిని వాడుకోవడానికి ఎవరికి దరఖాస్తు పెట్టుకోవాలో తేలేదాకా నాగరికత మొదలు కాలేదు. ఇన్ని వేల ఏళ్లుగా ఏ అధికారి కంటా పడకుండా తప్పించుకు తిరుగుతున్న పని ఒక్కటే మిగిలింది. "ఈ నవల బాగుంది, చదవండి" అని ఒక మనిషి ఇంకో మనిషికి చెప్పడం. మొన్నామధ్య ఒకటో తారీఖున గ్రంథాలయ శాఖ దాన్ని కూడా పట్టుకుంది.

ఉత్తర్వు సారాంశం ఇది. ఇకపై పాఠకులకు ఏ నవల చదవాలో చెప్పేవారు ధ్రువీకృత సిఫారసుదారులై ఉండాలి. ప్రేమ, కుటుంబం, భయానకం, చారిత్రకం, వైజ్ఞానికం, హాస్యం, మాయలూ మంత్రాలూ, అపరాధ పరిశోధన, ఈ ఎనిమిదింట్లోనూ సిద్ధహస్తులు కావాలి. గడువు ముప్పై రోజులు. ఆ ముప్పై రోజుల్లో ఏదో ఒకనాడు, మామూలు పాఠకుడి వేషంలో ఒక రహస్య పర్యవేక్షకుడు వస్తాడు. ఆయన దగ్గర నెగ్గితే ధ్రువపత్రం. నెగ్గకపోతే నేలమాళిగ. (నేలమాళిగలో చిరిగిన పుస్తకాలకు జిగురు రాస్తారు. అక్కడికి పాఠకులు రారు. గాలి కూడా ముందస్తు అనుమతి మీదే వస్తుంది.)

మా వీధి చివరి గ్రంథాలయంలో ఈ ఉత్తర్వు అక్కయ్య నెత్తిన పడింది. అక్కయ్య ఇరవై రెండేళ్లుగా కౌంటరులో ముద్ర వేస్తోంది. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా అక్కయ్య అనే పిలుస్తారు. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు జనం మొహాలు ఎలా ఉంటాయో చూడటం కోసమే ఆమె రెండు ప్రమోషన్లు వదులుకుంది. ఎందుకు వద్దన్నావని శాఖ అడిగితే ఆ మాటే రాసి పంపింది. (ఫైలు మీద "కారణం అసంబద్ధం" అని రాసి మూసేశారు.)

చిక్కల్లా ఒక్కటే. అక్కయ్య ఇన్నేళ్లలో చదివినవన్నీ అపరాధ పరిశోధన నవలలే. మూడో పేజీకల్లా శవం లేవకపోతే ఆ పుస్తకం మూసేసేది.

ముందు మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. పాఠం చెప్పడానికి ప్రధాన సిఫారసు నిపుణుడు వచ్చాడు. ఆయన బడి మానేశాక ఒక్క నవల కూడా ముట్టుకోలేదు. (చదివితే పక్షపాతం వస్తుందని శాఖ అభిప్రాయం.) నాలుగో నిబంధన ప్రకారం "మీకేం ఇష్టం?" అని పాఠకుణ్ని నోటితో అడగరాదు. నలభై ఒక్క ప్రశ్నల ఫారం ఇవ్వాలి. ఏడో నిబంధన ప్రకారం "బాగుంటుంది" అనరాదు, ఆ మాటకు కొలత లేదు. పదకొండో నిబంధన ప్రకారం పాఠకుడి చూపు ఏ బీరువా మీద పడినా దాన్ని సాక్ష్యంగా తీసుకోరాదు.

"మరి పుస్తకం ఏదని ఎలా తేలుతుందండీ?" అని అడిగింది అక్కయ్య.

"పట్టికలో ఉంటుందమ్మా."

"పట్టిక వేసినవాళ్లు ఆ పుస్తకాలు చదివారా?"

నిపుణుడు జాలిగా నవ్వాడు. "చదివితే పట్టిక ఎప్పటికి పూర్తవుతుంది?"

అక్కయ్య ఆ సాయంత్రం గ్రంథాలయం ఎదురుగా ఉన్న కుట్టుకొట్టుకు వెళ్లింది. కొట్టు టైలరు బాబాయ్‌ది. ప్రేమ నవలలు, కుటుంబ నవలలు ఆయన చదివినన్ని ఆ వీధిలో ఎవరూ చదవలేదు. మిషను పక్కన కూర్చుని, ఆయన ఇచ్చిన నవల యాభై పేజీలు చదివి తల పట్టుకుంది.

"ఇదేంటి బాబాయ్, సగానికొచ్చినా ఒక్కరూ చావలేదు!"

"ప్రేమ కథమ్మాయ్. చావరు. చచ్చేంత పనవుతుంది, అంతే."

"మరి కేసేంటి?"

బాబాయ్ పంటితో దారం తెంపాడు. "ఆ పిల్లకి కంటి మీద కునుకు లేదు. ఆ కునుకు ఎవడెత్తుకెళ్లాడన్నదే కేసు."

అక్కయ్య నిటారుగా కూర్చుంది. పుస్తకం మళ్లీ మొదటి పేజీ నుంచి పట్టింది. నాలుగు గంటల్లో దొంగ దొరికాడు.

తర్వాత ఇక ఆగలేదు. చారిత్రక నవలలో పోయింది సింహాసనం. కుటుంబ నవలలో అన్నదమ్ముల మధ్య మాట. హాస్యంలో పరువు. భయానకంలో ధైర్యం. వైజ్ఞానిక నవలలో ఏకంగా భూగోళమే పోయింది. పదిహేను రోజుల్లో ముప్పై ఒక్క నవలలు పూర్తి చేసి, ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. లోకంలో ఉన్న నవలలన్నీ అపరాధ పరిశోధనలే. పాఠకుడికి ఏం పోయిందో తెలిస్తే పుస్తకం అదే దొరుకుతుంది.

మర్నాటి నుంచి కౌంటరు దగ్గర ఫారం పక్కకు జరిపి, గొంతు తగ్గించి అడగసాగింది. "మీకేం పోయింది?"

"ఓపిక, అక్కయ్యా. పొద్దున ఎనిమిదింటికే పోయింది" అన్నాడు బస్సు కండక్టరు. హాస్య నవల పట్టుకెళ్లాడు.

లెక్కల మాస్టారు అటూ ఇటూ చూశాడు. "ఇంట్లో మాటమ్మా. నేనూ మా ఆవిడా మాట్లాడుకుని నెలైంది." అక్కయ్య ఒకే ప్రేమ నవల రెండు ప్రతులు చేతిలో పెట్టింది. (మనిషికి ఒక ప్రతి అన్నది నిబంధన. అతిక్రమణ నమోదు కాలేదు.) నాలుగో రోజుకి ఇద్దరూ కలిసి వచ్చారు. ఆ కథలో తప్పు ఎవరిదని మెట్ల మీదే గట్టిగా పోట్లాడుకుంటున్నారు. అక్కయ్య ముద్ర వేస్తూ ఆ మొహాలు కళ్లారా చూసింది.

ఇరవై ఆరో రోజున చేతిలో సంచీతో ఒక మనిషి వచ్చాడు.

మామూలు పాఠకుడు నలభై ఒక్క ప్రశ్నలు చూడగానే "ఇవన్నీ రాయాలా?" అంటాడు. పెన్ను అడుగుతాడు. మూడో ప్రశ్న దగ్గర ఫారం మడిచి విసనకర్ర చేసుకుంటాడు. ఈయన ముందు సూచనలు చదివాడు. జేబులోంచి సొంత పెన్నులు రెండు తీశాడు. అందరూ ఖాళీ వదిలే చోటల్లా "వర్తించదు" అని, నవ్వకుండా, గుండ్రంగా రాశాడు. ఇరవై రెండేళ్లుగా హంతకుల్ని పట్టుకుంటున్న అక్కయ్యకు నలభై ఒక్కటీ అక్కర్లేదు. రెండో పెన్ను తీసినప్పుడే పర్యవేక్షకుడని తెలిసిపోయింది.

ఇంకొకటి కూడా తెలిసింది. రాస్తూ రాస్తూ ఆయన కళ్లు అపరాధ పరిశోధన బీరువా వైపు రెండుసార్లు వెళ్లొచ్చాయి, ఆకలేసినవాడు మిఠాయి కొట్టు వైపు చూసినట్టు. అడగాల్సిన ప్రశ్న అక్కయ్య నాలుక చివరిదాకా వచ్చింది. కళ్ల ముందు నేలమాళిగ కనబడింది. మింగేసింది.

పట్టిక తీసింది. పదిహేడో వరుస, ఆరో గడి. పదకొండేళ్లుగా ఎవరూ తీసుకెళ్లని తొమ్మిది వందల పేజీల గ్రంథాన్ని దించి, దుమ్ము దులిపి, చేతిలో పెట్టింది. "మీ అభిరుచి సూచికను అనుసరించి ఈ గ్రంథం తమకు ఏడు పాయింట్ రెండు మేరకు తృప్తి కలిగించగలదు" అని ఒక్క ఊపిరిలో అప్పజెప్పింది.

ఆయన ఆవలింత ఆపుకుని సంతకం పెట్టాడు.

ఫలితం ఇరవై ఎనిమిదో రోజున వచ్చింది. నూటికి నూరు. టైలరు బాబాయ్ కత్తెర పక్కన పడేసి రోడ్డు దాటి వచ్చాడు. కండక్టరు ఈల వేశాడు. అక్కయ్య కుర్చీలో వెనక్కి వాలి కాగితం రెండో పేజీ తిప్పింది.

"ఇంతటి ప్రతిభ పాఠకుల మధ్య వృథా కావడం శాఖకు సమ్మతం కాదు. కావున ధ్రువీకృత సిఫారసుదారును ప్రధాన కార్యాలయంలో పట్టికల విభాగానికి అధికారిణిగా నియమించడమైనది. ధ్రువపత్రం పొందినవారికి ప్రమోషన్ నిరాకరించే హక్కు లేదు (నిబంధన పంతొమ్మిది)."

"అక్కడికి ఎవరొస్తారమ్మాయ్?" అన్నాడు బాబాయ్.

"ఫారాలొస్తాయి బాబాయ్."

సోమవారానికల్లా కౌంటరు మీద తాళం వేసిన పెట్టె ఒకటి వెలిసింది. నింపిన ఫారం అందులో వేస్తే మూడు వారాల్లో పుస్తకం పేరు వస్తుంది. వెనక కుర్చీ ఖాళీగానే ఉంది. దాని మీద ధ్రువపత్రం నకలు అతికించారు.

రెండు వారాల తర్వాత ఆ పర్యవేక్షకుడు మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో సంచీ లేదు. చెప్పుల్లో, సెలవు రోజు చొక్కాలో ఉన్నాడు. తొమ్మిది వందల పేజీల గ్రంథం చంకలో ఉంది. పన్నెండో పేజీ దగ్గర బస్సు టికెట్టు పెట్టి ఉంది. ఖాళీ కుర్చీని చూశాడు, చుట్టూ చూశాడు. పేపరు చదువుతున్న టైలరు బాబాయ్ దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"ఇక్కడ ఒకావిడ ఉండేవారు కదండీ? నా సొంతానికే. చదువుకోడానికి ఓ మంచి నవల చెబుతారేమోనని."

బాబాయ్ ఆయన్ని తలనుంచి కాళ్లదాకా ఒకసారి కొలిచాడు.

"మీకేం పోయింది సార్?"

"నాకా?" పర్యవేక్షకుడు నిజాయతీగా కాసేపు ఆలోచించాడు. "నాకేమీ పోలేదే."

"అయితే పుస్తకం అక్కర్లేదు సార్" అని బాబాయ్ పెట్టె పక్కనున్న కట్టలోంచి ఒక కాగితం లాగి ఆయన చేతికిచ్చాడు. "మీకు ఫారం చాలు."