తొలి చెంచా తమ్ముడిది

ఆ పూట మేనేజరుగారు స్వయంగా వచ్చి భోంచేస్తారు. నచ్చితే ఆఫీసు క్యాంటీన్ మరో ఏడాది అక్క చేతిలోనే ఉంటుంది, నచ్చకపోతే గరిటెలు సర్దుకోవాల్సిందే. ఆమె తెల్లవారకముందే పొయ్యి వెలిగించి ఒంటికాలి మీద పనిచేస్తోంది. ఆ క్యాంటీన్‌లో ఒక ఆనవాయితీ ఉంది. ఏది వండినా తొలి చెంచా ఆమె తమ్ముడు అందరిముందూ రుచి చూడాలి. వాడు తల ఊపితేనే వడ్డన.

"మొహం అలా వేలాడేశావేంరా?" అంది అక్క.

"కడుపులో తిప్పుతోందక్కా."

"ఈ ఒక్క పూట ఓర్చుకోరా నాయనా."

మేనేజరుగారు వచ్చి కూర్చున్నారు. తమ్ముడు సూపు నోట్లో పెట్టుకున్నాడో లేదో, చెయ్యి అడ్డం పెట్టుకుని పరుగు తీశాడు. వాంతి చప్పుడు హాలంతా వినబడింది. అక్క పై ప్రాణాలు పైనే పోయాయి.

"వండినావిడ తమ్ముడికే పడలేదంటే..." అంటూ గుమాస్తా ఖాళీ చెంచా కింద పెట్టాడు. వెంటనే టైపిస్టుకు కడుపు మెలిపెట్టింది. కాపలాదారు కళ్లు తిరుగుతున్నాయంటూ కుర్చీలో కూలబడ్డాడు.

"నువ్వింకా ఏమీ తినలేదు కదయ్యా" అంది అక్క.

"వాసన చూశానమ్మా."

మేనేజరుగారు క్యాంటీన్‌కు తాళం వేయించి డాక్టరుకు కబురంపారు.

తమ్ముడేమో మేడ మీద స్నానాలగదిలో దూరి వేడినీళ్ల షవరు కింద నిలబడ్డాడు. అక్క వెళ్లి తలుపు బాదింది. "నా కొంప ముంచి ఇక్కడ జలకాలాడుతున్నావా?"

"నీళ్ల కిందుంటేనే హాయిగా ఉందక్కా. పక్కకొస్తే మళ్లీ మొదలు."

తలుపు సందుల్లోంచి వచ్చిన ఆవిరిని చూసి ఎవరో పొగనుకుని ప్రమాదగంట మోగించారు. కడుపునొప్పి బాపతు వాళ్లే అందరికంటే ముందు మెట్లు దిగారు.

డాక్టరు వచ్చేసరికి తమ్ముడు తువ్వాలు చుట్టుకుని ఆరుబయట వణుకుతున్నాడు. ఆయన నాడి చూసి, "వేడినీళ్లు పోసుకుంటే తగ్గుతోందా?" అన్నారు.

"అవునండీ. మీకెలా తెలుసు?"

"గంజాయి ఎన్నాళ్లుగా?"

తమ్ముడు నేల చూపులు చూశాడు. "ఆకలి పుడుతుందన్నారండీ. ఏళ్లయింది."

"ఏళ్ల తరబడి పీలిస్తే కొందరికి కడుపు ఇలాగే ఎదురు తిరుగుతుంది. వేడినీళ్ల ఊరట కాసేపే. పూర్తిగా మానేస్తేనే నయమవుతుంది. పాపం, ఆ సూపేం చేసింది?"

అక్కకు ఒకేసారి ఏడుపూ సంతోషమూ తన్నుకొచ్చాయి. "ముందు నువ్వు కోలుకోరా, తర్వాత నీ పని పడతాను" అంది. టైపిస్టుకు నొప్పి తగ్గింది. కాపలాదారు ఆకలేస్తోందన్నాడు. అక్క తాళం తీయించి, తొలి గిన్నె మేనేజరుగారికే ఇద్దామని వెతుక్కుంటూ వెళ్లింది.

ఆయన డాక్టరును చెట్టు చాటుకు తీసుకెళ్లి గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. "మానకుండా తగ్గే దారేదీ లేదా డాక్టరుగారూ? పొద్దున స్నానానికే గంట పడుతోంది."

అక్క వెనకనుంచి గొంతు సవరించుకుని, క్యాంటీన్ సంగతి ఏం చేశారని అడిగింది.

సూపు అమోఘంగా ఉందనీ, రెండేళ్లకు ఖాయం చేస్తున్నాననీ మేనేజరుగారు రుచి చూడకుండానే చెప్పేశారు.