గీత అవతలి పొలాలు

ఆదివారం పొద్దున్నే వెళ్లి ఎండెక్కకముందే తిరిగొచ్చి, మిగతా రోజంతా నిద్రపోవాలనుకున్నాడు ప్లానింగ్ ఆఫీసరు. ఊరు అడ్డూ అదుపూ లేకుండా పొలాల మీదికి పాకుతోంది. స్మార్ట్ గ్రోత్ పేరుతో ఊరి చుట్టూ ఒక గీత గీసి, కొత్త ఇళ్లన్నీ దాని లోపలే కట్టేలా చట్టం చేయించాలని పాపం ఆయన ఏళ్ల తరబడి చెప్పులరిగేలా తిరిగాడు. కౌన్సిల్లో ఓటింగు వచ్చే వారమే. ఈలోగా గీత అవతలి పొలాలను ఒకసారి కళ్లారా చూసుకోవాలనిపించింది.

ఆయన పొలాలను చూస్తుంటే, నడకకొచ్చిన పక్కింటి మందుల షాపాయన ఆయన్ని చూశాడు.

"ఏంటి సార్, స్థలం చూస్తున్నారా?"

"అబ్బే! ఇక్కడెవరూ కొనకూడదండీ. ఇళ్లు కట్టనివ్వరు."

మందుల షాపాయన అంతా అర్థమైనట్టు తలూపి, సాయంత్రానికల్లా అక్కడో ప్లాటుకు అడ్వాన్సిచ్చేశాడు. ఆఫీసరంతటివాడు కొనొద్దంటున్నాడంటే, మొత్తం తనే కొట్టేద్దామని కాదూ!

మర్నాటికి వీధి వీధంతా ఎగబడింది. ఆఫీసరు ఎంత మొత్తుకుంటే అంత గిరాకీ. హెచ్చరిక రాసి నోటీసు బోర్డులో అంటిస్తే, దాని కింద నిలబడే బేరాలు కుదుర్చుకున్నారు. ఓటెయ్యాల్సిన కౌన్సిలర్లు కూడా కొన్నారు. సొంత ప్లాటుకు అడ్డంగా గీత గీయమని ఎవడు ఓటేస్తాడు? కాపుకొచ్చిన టమాటా మొక్కలు పీకి హద్దురాళ్లు పాతుతుంటే ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

ఇంటికొస్తే బావమరిది ఎదురొచ్చాడు. "బావా, నేనూ ఒకటి కొన్నా! రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది. నువ్వు చెప్పకపోతే మాకు తెలీదనుకున్నావా?"

ఆఫీసరు కుర్చీలో కూలబడ్డాడు. "నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైంది."

"ఏవండీ, వద్దంటే కొన్నారుగా, ఇప్పుడు కొనమనండి," అంది భార్య. "వీడి ప్లాటు అమ్మకానికి పెట్టి, బోర్డు మీద మీ పేరు రాయించండి."

"నా ప్లాటే దొరికిందా అక్కా?"

"నోర్ముయ్. బావ మాట కాదని కొన్నవాడివి నువ్వేగా!"

పొద్దున్నే బోర్డు లేచింది. "బంగారం లాంటి స్థలమండీ, కళ్లు మూసుకుని కొనేయండి," అని ఆఫీసరు అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పాడు. ఆఫీసరే వదిలించుకుంటున్నాడట అని మధ్యాహ్నానికి ఊరంతా గుప్పుమంది. అడ్వాన్సులు వెనక్కిమ్మంటూ రైతుల ఇళ్లముందు బారులు తీరారు. అందరికంటే ముందు మందుల షాపాయన, ఆయన వెనకే కౌన్సిలర్లు. వారం తిరిగేసరికి చట్టానికి అడ్డుచెప్పిన చెయ్యి ఒక్కటీ లేదు.

హద్దురాళ్లు లేచిపోయాయి, రైతులు మళ్లీ నారు పోశారు. బావమరిది ప్లాటు మాత్రం అడిగే నాథుడు లేక అలాగే ఉంది.

స్మార్ట్ గ్రోత్ విధానంతో ఊళ్లు ఇలా పాకకుండా నిజంగా ఆపొచ్చా అని పొరుగూరి ఆఫీసర్లు వచ్చి అడిగారు.

"నిక్షేపంగా ఆపొచ్చు," అన్నాడాయన. "కాకపోతే ఊరికో బావమరిది కావాలి."