వీసీ గారి పాదముద్ర

ఒక పెద్ద అడవిలో, అడవి కంటే పెద్ద గొప్పలు పోయే యూనివర్సిటీ ఉండేది. దానికి వీసీ ఎలుగుబంటి భల్లూకరావు గారు. ఆ అడవిలో కాగితం లేదు, సంతకం లేదు. ఏ పని జరిగినా తడిమట్టి పలక మీద కాలు మోపాలి, అంతే. ఆ పలకలు ఎండబెట్టి రికార్డుల గుహలో దాచేవారు.

గుహకి అధికారి ఉడుము. రోజూ తోకతో దుమ్ము దులిపేది, వేపాకు పొగ వేసేది, చూడవచ్చినవాళ్లని ముట్టుకోవద్దని కసిరేది. నిజానికి చూడ్డానికి ఎవరూ వచ్చేవారు కాదు. అయినా కసరడం మానలేదు.

ఆ వానాకాలంతో వీసీ గారికి రిటైర్మెంటు. తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు. కుర్చీ దిగితే నమస్కారం పెట్టేదెవడు? నిరుడు రిటైరైన అడవిదున్నకి ముందుగా నమస్కారం మానేసింది తనే మరి!

తప్పించుకునే దారి ఒక్కటే. స్థాపకుడి వంశస్థులకు రిటైర్మెంటు లేదని పాత రూలు. ఆ స్థాపకుడెవరో మాత్రం ఎవరికీ తెలీదు.

సరిగ్గా అప్పుడే ఉడుము రొప్పుకుంటూ వచ్చింది.

"అయ్యా, అట్టడుగు అరలో శంకుస్థాపన పలక దొరికింది! రెండొందల ఏళ్ల నాటిది!"

"ఎవరి కాలు?"

"గాడిద గారిదండి."

భల్లూకరావు గారు చరిత్ర ప్రొఫెసర్ కొంగని వెంటబెట్టుకుని గుహకి వెళ్లారు.

"ఉడుమూ, బయట ఎవరో నీ పలకలు చూస్తామంటున్నారు," అన్నారు వీసీ గారు.

పుట్టి బుద్ధెరిగాక వినని మాట అది. ఉడుము పరుగో పరుగు.

వీసీ గారు పలక మీద నీళ్లు పోసి, మెత్తబడ్డాక కాలు గట్టిగా అదిమారు. "ఇది మా తాతగారి పాదం. కాస్త చెరిగితే సరిచేశాను. ఏమంటారు ప్రొఫెసర్ గారూ?"

ఒంటికాలి మీద నిలబడి కొంగ ఆలోచించింది. "చేపలు తాజావేనా అంటాను."

పలక ఆరాక పెద్ద సభ పెట్టారు. కొంగకి వేదిక దొరికితే ఆపడం ఎవరి తరం? వంశం పోలిక చూపిస్తానని వీసీ గారి చేత కొత్త పలక మీద కాలు వేయించింది. రెండు ముద్రల్నీ ముక్కుతో కొలిచింది.

"మడమ మీద ముల్లు గుచ్చుకున్న మచ్చ. ఇక్కడా అదే! సభికులారా, ఇది తాతగారి కాలు కాదు. సాక్షాత్తూ వీసీ గారిదే!"

"నోరు ముయ్యవయ్యా," అన్నారు వీసీ గారు పళ్లు బిగించి.

"పరిశోధనకి అడ్డు రాకండి! స్థాపకులు రెండొందల ఏళ్లుగా మన మధ్యే ఉన్నారు!"

వీసీ గారి మేనత్త లేచింది. "ఒరేయ్, పుట్టగానే నిన్ను ఎత్తుకున్నది నేనే కదరా!"

"అందుకు పలక ఉందా అమ్మా? లేదు కదా. కూర్చోండి," అంది కొంగ.

చప్పట్లు మోగాయి. మనవడి హోదా అడిగితే ఏకంగా స్థాపకుడి హోదా వచ్చింది, పోనీలే అనుకుని వీసీ గారు దండం పెట్టారు.

గాడిద సంగతి తెలిసిన ఉడుము అప్పుడు తోక ఎత్తింది. "రిటైర్మెంటు ముప్పై ఏళ్లకండి. తమరు నూట డెబ్బై ఏళ్లు ఎక్కువ కూర్చున్నారు."

"మా వంశానికి మినహాయింపు ఉంది!"

"వంశస్థులకండి. స్థాపకుడికి లేదు. తమకి తమరే మనవడు ఎలా అవుతారు?"

భల్లూకరావు గారు లోపల లెక్క వేసుకున్నారు. నాకు రెండొందల ఏళ్లు లేవనాలంటే, పలక తొక్కింది నేనేనని ఒప్పుకోవాలి. పలక పాడుచేసినవాడికి అడవి నుంచి బహిష్కారం. సభకి ఇంకోసారి దండం పెట్టారు.

ఉడుము కళ్లు మెరిశాయి. "పైగా, వందేళ్లు దాటినదేదైనా గుహ సొత్తు."

ఇప్పుడు భల్లూకరావు గారు మూడో అరలో కూర్చుని ఉంటారు. మెడలో నంబరు వేలాడుతుంటుంది. పొద్దున్నే ఉడుము ఆయన్ని తోకతో దులిపి, వేపాకు పొగ వేస్తుంది.

"కాస్త తేనె చుక్కయినా పెట్టవయ్యా," అంటారాయన దగ్గుతూ.

"కుదరదండి. పురావస్తువులకి చీమలు పడతాయి."

నీతి: చరిత్ర దిద్దదలచిన పెద్దలు పక్కవాడి కాలు వాడవలెను.