ఉపసంఘం ఆమోదించిన మేనిఛాయ

సింగపూర్‌లోని మా 'తెలుగు కాంతి' మహిళా మండలి, ఈ ఏటి ఉగాదికి సభ్యురాళ్ళంతా ఇంట్లో తయారైన ఫౌండేషనే పూసుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. షాపుల్లో దొరికేవాటిలో రసాయనాలుంటాయని అధ్యక్షురాలు కల్పన కనిపెట్టారు. ఆవిడ రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగి కాబట్టి రసాయనాల విషయంలో ఆవిడ మాటకు తిరుగులేదు.

తయారీ బాధ్యత సరయుకు అప్పగించారు. ఆమె బూన్ లే దగ్గర ఒక పెయింట్ ఫ్యాక్టరీలో రంగులు సరిపోల్చే పని చేస్తుంది. గోడలకు పనికొచ్చే నిజాయితీ మనుషులకూ పనికొస్తుందనుకుంది, అమాయకురాలు. పైగా ఆమెకు కొంత స్వార్థం కూడా ఉంది. వుడ్‌ల్యాండ్స్‌లో ఆమె పక్క ఫ్లాట్‌లో ఉండే మండలి సభ్యురాలు బంగారమ్మకు, తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో గారెలు వేస్తుండగా నూనె చింది ఎడమ చెంప కాలింది. పుండు మానినా మచ్చ మిగిలింది. ఆర్నెల్లుగా చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడుతోంది. ఆవిడ రంగుకు సరిపడే సీసా ఏ షాపులోనూ లేదు.

సరయు తెల్లటి జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్, అభ్రకం పొడి, ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు తూచి, నూరి, జల్లించి పొడి రకం చేసింది. అవే రంగులను నూనెలో మెత్తగా నూరి, నీళ్ళు, గ్లిజరిన్ పోసి, రెండూ విడిపోకుండా చిక్కగా గిలక్కొట్టి ద్రవ రకం చేసింది. పదకొండోసారికి బంగారమ్మ రంగు కుదిరింది. ఆవిడ అద్దంలో చాలాసేపు చూసుకుంది.

"ఇది నా మొగమేనమ్మా," అంది మెల్లగా.

ఈ విజయంతో కళ్ళు నెత్తికెక్కిన సరయు, సభ్యురాళ్ళందరి దవడ రంగూ చూసి, ఇరవై ఆరు సీసాలు నింపి, పేర్లు అంటించి ఇచ్చింది. ఒక్కటీ తేడా రాలేదు. అదే ఆమె చేసిన నేరం.

కల్పన పూసుకుని చూశారు. "నేను ఉన్నట్టే ఉన్నాను కదా సరయూ. ఇంక ఇదెందుకు?"

అత్యవసర సమావేశంలో గౌరవ సలహాదారు వెంకటేశ్వర రావు గారు ప్రసంగించారు. "వర్ణవివక్షను మన మండలి ఎన్నడూ సహించదు. కనుక అందరికీ ఒకే తెల్లరంగు ఉండాలి. సమానత్వమంటే అదే." చప్పట్లు మోగాయి. ఉపసంఘం ఐరన్ ఆక్సైడ్లను బహిష్కరించి టైటానియం డయాక్సైడ్‌ను రెట్టింపు చేసింది. ఫొటోల్లో మొహాలు బూడిదలా కనిపిస్తాయని సరయు హెచ్చరిస్తే, దాన్ని మినిట్స్‌లో 'సానుకూల దృక్పథ లోపం' అని నమోదు చేశారు. నేను కలపనని ఆమె లేచి వెళ్ళిపోయింది. కల్పన గారి మిక్సీలో తెల్లరంగు తయారైంది.

ఉగాది రోజు ఫ్లాష్ వెలిగింది. గోధుమరంగు మెడల మీద ఇరవై అయిదు బూడిద మొహాలు బారులు తీరాయి. సరయు ఇచ్చిన సీసానే పూసుకొచ్చిన బంగారమ్మ ఒక్కతే మనిషిలా ఉంది. రెండు చేతులూ కిందికి వదిలి నిలబడింది. లోపం ఎక్కడుందో కమిటీ ఇట్టే పట్టేసింది.

"ఆంటీ, ఫొటో అంతా స్పాయిల్ అవుతోంది. కొంచెం పక్కకి జరగండి లా," అన్నారు కల్పన సింగపూర్ యాసలో.

బంగారమ్మ నొచ్చుకోలేదు. "సరేనమ్మా, నేను పోయి గారెలేస్తాను. మకాన్‌కి, అదే తిండికి, వచ్చేముందు మొగాలు కడుక్కుని రండి. లేకపోతే మిమ్మల్ని పోల్చుకోలేను."

ఆ ఫొటోకు అపారమైన ప్రశంసలు వచ్చాయి. తెల్ల సీసా కావాలని ఊరూరా తెలుగు సంఘాలు కల్పన గారికి రాస్తున్నాయి. అసలు రంగు చాలని సరయుకు ఇప్పటిదాకా ఒక్క ఉత్తరమే వచ్చింది. అందులోనూ చివర ఒక చిన్న సవరణ ఉంది: 'ఒక్క పిసరు తెలుపు ఎక్కువ వేయండి, ఎవరికీ చెప్పకండి.'

రాసినవారి పేరు నేను బయటపెట్టను. మీరు ఇబ్బంది పడతారు.